తడి చేతుల సంతకం

ఆవిరక్క సంతకం నేను వందలసార్లు చూశాను. వాటిలో సగం ఆమె పెట్టినవి కావు. దానివల్ల ఏం ముంచుకొస్తుందో తెలిసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆమెకు మండదా అంటే, ఆ సంగతి చివర్లో చెబుతాను.

నేను ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా ఇరవై ఏడేళ్ళు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. మా థియేటర్‌కీ పక్కగదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉండేది. అద్దం పక్కకి జరిపితే ఒక ట్రే, రెండు చేతులు పట్టేంత. కత్తులు, కత్తెరలు, గుడ్డలు అన్నీ ఆ పక్కగదిలో కడిగి, మూటలు కట్టి, ఓ పెద్ద స్టీలు యంత్రంలో ఆవిరి పట్టించి, ఆ కిటికీలోంచే మాకు అందించేవాళ్ళు. దానికి స్టెరిలైజేషన్ విభాగం అని తలుపు మీద బోర్డు ఉంది కానీ, అంత పొడుగు పేరు పలికే ఓపిక ఆ ఆస్పత్రిలో ఎవరికీ లేదు. అది ఆవిరి గది. ఈ సంగతులు జరిగేనాటికి అందులో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి ఆమె ఆవిరక్క. నాకంటే పదేళ్ళకు పైగా చిన్నది. అయినా నేనూ అక్కా అనే పిలిచేదాన్ని, పెద్ద డాక్టరూ అలాగే పిలిచేవాడు.

ఆమె హోదా హెల్పరు. కడగడం, మూట కట్టడం, యంత్రం నడపడం, అన్నీ హెల్పరు పనే. సంతకం మాత్రం టెక్నీషియన్‌ది. ఆ టెక్నీషియన్ మూడు విభాగాలకు ఒక్కడే. పొద్దున్నే వచ్చి, "ఇవాళ ఎన్ని లోడ్లమ్మా?" అని అడిగేవాడు. యంత్రం ఒక్కసారి నింపి దించితే ఒక లోడు. నాలుగు అంటే లోడు రిజిస్టరులో నాలుగు గళ్ళలోనూ ముందే సంతకాలు గీకేసి టీకి వెళ్ళిపోయేవాడు. యంత్రం ఇంకా వేడెక్కి ఉండేది కాదు, కాగితం మీద మాత్రం మధ్యాహ్నం లోడు కూడా శుభ్రంగా దిగిపోయి ఉండేది.

ఆవిరక్కకి ఇది పంటి కింద రాయిలా ఉండేది. "మూట విప్పి చూడనోడి సంతకం నమ్మి మనుషుల కడుపులు కోస్తున్నారు సిస్టరమ్మా" అనేది నాతో. ఆమె మాత్రం ప్రతి లోడులో ఒక పరీక్ష మూట పెట్టేది. పైన అంటించిన టేపు మీద చారలు నల్లబడితే ఆమెకు చాలదు. మూట విప్పి, లోపలి కాగితం పట్టీ కూడా రంగు మారిందో లేదో చూసేది. మారితేనే ఆవిరి నడిమధ్య దాకా వెళ్ళినట్టు. ఒకసారి పట్టీ సగమే మారిందని మొత్తం లోడు ఆపేసింది. పేషెంటు బల్ల మీద ఉన్నాడు, పెద్ద డాక్టరు కిటికీలో తల పెట్టి నానా కేకలూ వేశాడు. ఆవిరక్క లోడు మళ్ళీ పెట్టి, యాభై నిమిషాలకు ట్రే ఇచ్చింది. ఆ కేకలు పడింది ఆమె, ఆ గడిలో సంతకం ఉన్నది టెక్నీషియన్‌ది.

అందుకే ఆమెకు టెక్నీషియన్ కావాలని ఉండేది. తాను చూసినదాని కింద తన సంతకం ఉండాలి, అంతే ఆమె కోరిక. జీతం కాస్త పెరుగుతుంది నిజమే కానీ, ఆమె నాతో జీతం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

టెక్నీషియన్ పరీక్ష ఐదేళ్ళకోసారి పెడతారు. వంద ప్రశ్నలు, రెండు గంటలు, నాలుగు విభాగాలు. లెక్కలు, భాష, రీజనింగ్, సబ్జెక్టు, ఒక్కోదానికి ఇరవై ఐదు. మొత్తం మీద యాభై వస్తే పాసు. క్రితంసారి ఆవిరక్క నాలుగింటికీ సమానంగా చదివి, నాలుగింట్లోనూ సగం దారిలో ఆగి, నలభై ఆరు తెచ్చుకుంది. ఈసారి పోస్టులు నాలుగున్నాయి. వయసు నలభై ఐదు దాటితే రాయనివ్వరు. ఆమెకు నలభై నాలుగు నిండాయి. ఇదే ఆఖరిసారి.

గదిలో రెండో మనిషి కొత్తమ్మాయి. చేరి ఆరేళ్ళయినా కొత్తమ్మాయే, ఎందుకంటే ఆమె తర్వాత ఎవరూ చేరలేదు. చురుకైనది, నవ్వు మొహం. గుడ్డ ముక్కల దొంతర చూసి నూట ఎనభై అంటే, లెక్కపెట్టి చూస్తే నూట డెబ్భై తొమ్మిదో నూట ఎనభయ్యో ఉండేవి. ఆవిరక్కకి ఆమె అంటే ప్రాణం. పని మొత్తం చేయి పట్టి నేర్పింది. డబ్బా విప్పితే మొదటి ముద్ద కొత్తమ్మాయి మూతలో పడాల్సిందే. ఓసారి కొత్తమ్మాయి నీళ్ళు చూసుకోకుండా యంత్రం వేసి వాల్వు కాల్చేస్తే, "నేనే వేశాను" అని నింద మీదేసుకుని మెమో తీసుకుంది. కడుపున పుట్టినవాళ్ళ కోసం కూడా అంత చేస్తారని నేననుకోను.

ఇక సంతకాల సంగతి. ఆవిరి గదిలో ఎప్పుడు చూసినా ఇద్దరిలో ఒకరి చేతులు తడిగా ఉంటాయి. ఆఫీసు నుంచి అటెండరు ఏదో ఒక రిజిస్టరు పట్టుకుని వస్తూనే ఉంటాడు. సబ్బు అందినట్టు ఒకటి, గుడ్డలు అందినట్టు ఒకటి, నోటీసు చదివినట్టు ఒకటి. ఆయనకు ఎప్పుడూ తొందరే. తడి చేతులతో ముట్టుకుంటే సిరా పాకుతుందని అరుస్తాడు. అందుకని ఆ గదిలో ఒక పద్ధతి ఏర్పడిపోయింది. పొడి చేతులవాళ్ళు ఇద్దరి సంతకాలూ పెట్టేస్తారు. ఆవిరక్కే కొత్తమ్మాయిని కూర్చోబెట్టి తన సంతకం నేర్పింది, చివర తోకలా తిరిగే మెలికతో సహా. రెండ్రోజుల్లో ఏది ఎవరిదో ఆవిరక్కకే తెలియకుండా వచ్చేసింది. ఇద్దరూ దాన్ని నాకు చూపించి పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, ఏం లాభం.

వాళ్ళ చదువు కూడా యంత్రం చుట్టూనే నడిచింది. పొద్దుటి డ్యూటీలో నాలుగు లోడ్లు. లోడు దిగడానికి యాభై నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఒకరు యంత్రం మీటరు ముల్లు చూస్తూ స్టూలు మీద కూర్చోవాలి, రెండోవాళ్ళు బల్ల దగ్గర మూటలు కడుతుండాలి. మొదట్లో ఆవిరక్క అల్మారా తలుపు లోపలివైపు సుద్దముక్కతో నాలుగు గళ్ళు గీసింది. ఒకటో లోడు లెక్కలు, రెండోది భాష, మూడోది రీజనింగ్, నాలుగోది సబ్జెక్టు. స్టూలు మీదున్నవాళ్ళు పైకి చదవాలి, బల్ల దగ్గరున్నవాళ్ళు వినాలి. ఆమె మొగుడు వడ్రంగి. పుస్తకం తడవకుండా నిలబడేందుకు ఏటవాలుగా ఒక చెక్క పీట చేసిచ్చాడు. దాని అంచుకు పేజీ ఎగరకుండా చిన్న పట్టీ కూడా కొట్టాడు.

రెండు వారాలకే లెక్కల లోడు ఆవిరక్కకి యమగండంలా తయారైంది. యంత్రం దిగేది కానీ, ఆ యాభై నిమిషాల్లో ఒక్క లెక్క తెగేది కాదు. భాషలో కొత్తమ్మాయి పరిస్థితీ అంతే. పేరా చదివి జవాబు చెప్పమంటే, పేరా పూర్తయ్యేసరికి మొదట్లో ఏముందో మరిచిపోయేది. అప్పుడు కొత్తమ్మాయే ఉపాయం చెప్పింది.

"అక్కా, నాలుగూ ఇద్దరం చదివి నలిగిపోవడం దేనికి? మొత్తం యాభై వస్తే చాలు కదా. నువ్వు భాష, సబ్జెక్టు పట్టుకో. నేను లెక్కలు, రీజనింగ్ పట్టుకుంటా. ఎవరు గట్టిగా ఉన్నవాటిలో వాళ్ళు మార్కులు గుంజుదాం. రెండోవాళ్ళకి కావల్సినంత నేర్పుదాం."

ఇందులో తప్పేం లేదు, నేను కూడా మెచ్చుకున్నాను. సబ్జెక్టులో ఇరవై ఐదు, భాషలో ఇరవై పైన ఆవిరక్కకి ఖాయం. రీజనింగ్‌లో పది తెచ్చుకుంటే గట్టెక్కినట్టే, లెక్కల జోలికి పోనక్కర్లేదు. రీజనింగ్ అంటే బొమ్మల్లో తర్వాతదేది, ఎవరు ఎవరికి ఏమవుతారు అనే ప్రశ్నలు. "మా అత్తగారి మేనమామ కోడలికి నేనేమవుతానో నాకే తెలీదు, పుస్తకంలో వాళ్ళ చుట్టరికం నాకెందుకే?" అని ఆవిరక్క విసుక్కుంటే, కొత్తమ్మాయి ఓపిగ్గా దారం ముక్కలు పేర్చి చుట్టరికాలు చూపించేది. సుద్ద గళ్ళు చెరిపేసి మళ్ళీ గీశారు. లెక్కల గడి పోయింది. భాషకు రెండు లోడ్లు వచ్చాయి.

పరీక్ష ఇంకా ఆరు వారాలుందనగా నిబంధన మారుస్తూ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. మొత్తంలో యాభై వస్తే చాలదట. ప్రతి విభాగంలోనూ విడిగా పది తగ్గకూడదట. ఎందులో పది రాకపోయినా మిగతా మూడింట్లో ఎన్ని వచ్చినా ఫెయిలేనట. మా థియేటర్ బోర్డు మీద కూడా ఒక కాపీ గుచ్చారు. నేను చదివాను. ఆవిరి గదికి విడిగా వెళ్ళి ఉంటుందిలే అనుకున్నాను. వెళ్ళింది కూడా.

ఈ పాపంలో నా పాలు కూడా ఉంది కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ తర్వాత వారమో పది రోజులకో, కిటికీలో ట్రే అందుకుంటూ, "లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయి అక్కా?" అని అడిగాను. "లెక్కలు నా పనా సిస్టరమ్మా? అవి దాని పని" అని నవ్వింది. హాస్యమాడుతోందనుకున్నాను. లోపల పేషెంటు ఉన్నాడు, ట్రే తీసుకుని వెనక్కి తిరిగాను. ఇంకొక్క మాట అడిగి ఉంటే నా సొమ్మేం పోయేది?

పరీక్ష ఒక బడిలో పెట్టారు. పిల్లల బెంచీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. అక్కడ జరిగింది ఆవిరక్క తర్వాత నాకు చెప్పింది, చెప్పేటప్పుడు ఒక్కచోట కూడా గొంతు పెంచలేదు.

పర్యవేక్షణకు వచ్చిన టీచరమ్మ బెల్లుకు ముందు సూచనలు చదివింది. సెల్‌ఫోన్లు బయట పెట్టండి, నీలం సిరాయే వాడండి, తప్పు జవాబుకి మార్కులు తగ్గించరు. ఆ తర్వాత, "ప్రతి విభాగంలోనూ కనీసం పది మార్కులు తప్పనిసరి అన్న సంగతి మీ అందరికీ తెలుసు కదా" అంది. గదిలో ఎవరూ కదల్లేదు, అందరికీ తెలుసు. ఆవిరక్కకి ముందు ఏదో పొరపాటుగా విన్నాననిపించి, లేచి, "ఏంటమ్మా అది, ఇంకోసారి చెప్తారా?" అని అడిగింది. టీచరమ్మ మళ్ళీ చదివింది.

అప్పుడు ఆవిరక్క వెనక్కి తిరిగింది. నంబర్లు వరసగా రావడంతో కొత్తమ్మాయి సరిగ్గా వెనక బెంచీలో ఉంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. అయ్యో అక్కా అన్న ఆదుర్దా లేదు. తల దించుకుని గోటితో బెంచీ మీద రంగు గీకుతోంది.

"అప్పుడే తెలిసిపోయింది సిస్టరమ్మా" అంది ఆవిరక్క నాతో. "దానికీ తెలీకపోతే నా వైపు చూసేది."

బెల్లు కొట్టారు. మరొకరైతే అక్కడే కూలబడేవాళ్ళు. ఈమె రెండు గంటల్ని మళ్ళీ పంచుకుంది. సబ్జెక్టు పావుగంటలో ముగించింది, పంతొమ్మిదేళ్ళ పని కదా. భాషకు ఇరవై నిమిషాలు, రీజనింగ్‌కి ఇరవై. మిగిలిన గంటా ఐదు నిమిషాలూ లెక్కలకే ఇచ్చేసింది. ఆరు నెలలు పక్కన పెట్టినదాన్ని ఒక్క గంటలో పట్టుకోవాలని. మందు నీళ్ళు యాభైకి ఒకటి చొప్పున కలపడం, లీటర్లో రెండు శాతం ఎంతవుతుంది, ఇలాంటివి చేతికి అలవాటైన లెక్కలు కాబట్టి వేళ్ళ మీద చేసింది. వాటిని పట్టుకుని ఇంకొన్ని లాగింది. మొత్తం పది లెక్కలు తేల్చింది. పదిహేను అలాగే వదిలేసింది.

"వదిలేశావా? తప్పుకి మార్కులు పోవని చెప్పారు కదా! కళ్ళు మూసుకుని ఏదో ఒక గుర్తు పెట్టినా నాలుగైదు తగిలేవి కదే పిచ్చిదానా!" అని నేను అరిచేశాను.

"పెడదామనే పెన్ను ఆనించాను సిస్టరమ్మా. చెయ్యి కదల్లేదు" అంది. "ఆవిరి పట్టిందో లేదో తెలీని మూట పైకి పంపుతామా? అలాగే అనిపించింది. చేసిన పదీ రైటేలే అనుకున్నా."

చేసిన పదిలో ఒకటి తప్పింది. ఫలితాల కాగితం గోడకంటించిన రోజు నేనే వెళ్ళి చూశాను. సబ్జెక్టు ఇరవై ఐదు, భాష ఇరవై మూడు, రీజనింగ్ పన్నెండు, లెక్కలు తొమ్మిది. మొత్తం అరవై తొమ్మిది. ఎదురుగా ఫెయిల్ అని ఉంది. దాని కింద వరసలో కొత్తమ్మాయి. లెక్కల్లో ఇరవై, రీజనింగ్‌లో పదహారు, సబ్జెక్టులో పంతొమ్మిది, భాషలో పన్నెండు. మొత్తం అరవై ఏడు, పాస్. ఆ భాషలో పన్నెండు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు, ఆ అల్మారా తలుపుకీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే ఆవిరక్క ఆఫీసుకు వెళ్ళింది, తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడే.

"మాకు ఆ కాగితం రాలేదండీ" అంది ఆవిరక్క.

"రాకపోవడమేంటమ్మా, ప్రతి విభాగానికీ మనిషితో పంపించాం. సంతకాలు కూడా తీసుకున్నాం" అంటూ ఆయన రిజిస్టరు తీసి, పేజీలు తిప్పి, మా వైపు జరిపాడు. "ఇదిగోండి, సోమవారం. మీ పేరు, మీ సంతకం. అందినట్టే కదా?"

ఆవిరక్క పేరు ఎదురుగా ఆవిరక్క సంతకం ఉంది, చివర మెలికతో సహా. ఆమె దాని మీద వేలు పెట్టింది. నాది కాదు అంటుందేమోనని నేను ఎదురుచూశాను. అనలేదు. "అవునండీ, అందినట్టే" అని రిజిస్టరు మూసి ఆయనకిచ్చేసింది.

బయటికి రాగానే నేను ఊరుకోలేదు. "కంప్లయింటు పెట్టు. ఇంకొకరి సంతకం పెట్టడం చిన్న తప్పా? ఉద్యోగం ఊడుతుంది దానికి."

"ఏమని పెట్టను? నేర్పిందెవరంటే ఏం చెప్పను?" అంది. నాలుగడుగులు వేశాక ఆగింది. "సోమవారం సంతకం పెట్టిందా? గురువారం నేను అడిగాను సిస్టరమ్మా. ఒక్క లోడు లెక్కలకి ఇద్దామే, బొత్తిగా సున్నా అయితే బాగోదు, కాస్త నేర్పవూ అని అడిగాను. ఎందుకక్కా, మొత్తంలో కలిసిపోతుంది కదా, ఆ లోడు కూడా నాకు భాషకే ఇవ్వు అంది. ఇచ్చాను."

సంతకం కంటే ఆ గురువారమే ఆమెను ఎక్కువ కోసిందని నాకు అర్థమైంది. సంతకం పెట్టిన రోజు మరిచిపోయిందనుకోవచ్చు. అడిగిన రోజున కళ్ళలోకి చూసి అబద్ధమాడింది.

మర్నాడు పొద్దున వాళ్ళిద్దరూ ముఖాముఖి మాట్లాడుకున్నప్పుడు నేను కిటికీ ఇవతల ట్రేలు సర్దుతున్నాను. అద్దం తీసే ఉంది. మూయాలనిపించలేదు, మర్యాద సంగతి తర్వాత.

"కాగితం ఏం చేశావే?" అంది ఆవిరక్క.

కొత్తమ్మాయి దాచలేదు. ఏడ్చింది కానీ దాచలేదు. "నా బ్యాగులోనే ఉందక్కా. ఆ రోజే చెబుదామనుకున్నా. ఆ పూట నువ్వు నాకు పేరాలు చెబుతున్నావు, అప్పుడప్పుడే కాస్త అర్థమవుతోంది. నీకు తెలిస్తే అన్ని లోడ్లూ లెక్కలకే పెట్టుకుంటావు. ఇంక నాకు భాష ఎవరు చెప్తారు? రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ..." 

"నలభై రోజులు."

"అక్కా, నీకు లెక్కల్లో పది ఎలాగోలా వచ్చేస్తాయనుకున్నా. ఒట్టు."

ఆవిరక్క మూట కడుతున్న చేతులు ఆగాయి. "నాకు తెలిసినా నీకు భాష చెప్పేదాన్నే కదే. ఒక లోడు నీకు, ఒక లోడు నాకు పెట్టేదాన్ని. చాలకపోతే డ్యూటీ అయ్యాక ఓ గంట కూర్చునేవాళ్ళం. పోస్టులు నాలుగున్నాయి. నేను మానేస్తానని నీకెందుకనిపించింది? ఆరేళ్ళలో నీకేది మానేశాను?"

యంత్రం బుస్సుమని ఆవిరి వదిలింది. ఆవిరక్క లేచి వెళ్ళి తలుపు తీసి, పరీక్ష మూట విప్పి, పట్టీ చూసి, నా ట్రే నాకు అందించింది.

ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది ఆమెకు. సంగతంతా విని వడ్రంగి అన్నాడట, "పొద్దున లేస్తే నేను చేసేది లెక్కలే కదే. తొమ్మిదిన్నర అడుగుల చెక్క ఐదు వాటాలు చెయ్యమంటే నోటితో చెప్తాను. నన్నొక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ణి కాదా? పీట అడిగావు, చేసిచ్చాను. లెక్క అడగలేదు." ఆమె అడగలేదు నిజమే. ఆ భాగం ఇంకొకరి చేతిలో పెట్టేశాననే నమ్మకంతో ఇంట్లో ఉన్నదాని వంక చూడలేదు.

నెల తిరక్కుండా ఆర్డర్లు వచ్చాయి. పాత టెక్నీషియన్ మిగతా రెండు విభాగాలకు పరిమితమయ్యాడు. ఆవిరి గదికి విడిగా ఒక టెక్నీషియన్‌ని వేశారు, కొత్తమ్మాయినే. తెల్ల కోటు వేసుకుని వచ్చింది. మా వాళ్ళంతా వెళ్ళి అభినందనలు చెప్పారు. నేను వెళ్ళలేదు. ఆవిరక్క మాత్రం రోజూలాగే వచ్చి, ఏప్రాన్ కట్టుకుని, ఒకటో లోడు పెట్టింది.

లోడు దిగింది. అటెండరు గుమ్మంలో నిలబడి లోడు రిజిస్టరు ఆఫీసుకు కావాలని తొందరపెడుతున్నాడు. కొత్తమ్మాయి కోటు చేతులు పైకి మడిచి తొట్టిలో కత్తెరలు కడుగుతోంది, ఆమెకు ఇంకా హెల్పరు అలవాటు పోలేదు. ఎప్పట్లాగే అనేసింది, "అక్కా, నా చేతులు తడిగా ఉన్నాయి. నా సంతకం నువ్వు పెట్టెయ్యవూ?"

అన్నాక తానేమందో కొత్తమ్మాయికి అర్థమైనట్టుంది, మొహం పాలిపోయింది. ఆవిరక్క కేకలేయలేదు. కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు తీసుకెళ్ళి ఆమె ముందు పట్టుకుంది.

"తుడుచుకో" అంది. "లోపలి పట్టీ చూశావా?"

"నువ్వు చూశావు కదక్కా."

"నేను చూసినదానికి నువ్వెలా పెడతావు సంతకం? విప్పి చూసి పెట్టు."

కొత్తమ్మాయి చేతులు తుడుచుకుంది. మూట మళ్ళీ విప్పి, పట్టీ వెలుతురులోకి ఎత్తి చూసి, సంతకం పెట్టింది. అటెండరు గొణుక్కుంటూ నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఎవరి సంతకం వాళ్ళదే. ఎంత తొందర ఉన్నా ఆవిరక్క పని ఆపి, వేలు వేలూ తుడుచుకుని, రాసింది మొత్తం చదివి, అప్పుడు పెన్ను పట్టుకునేది. కొత్తమ్మాయితో పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. డబ్బా కూడా విడిగా, గోడవైపు తిరిగి తినేది.

రెండేళ్ళ తర్వాత నేను రిటైరైన రోజు, మా థియేటర్ వాళ్ళు ఒక పెద్ద కార్డు మీద అందరి చేతా సంతకాలు పెట్టించి ఇచ్చారు. ఇంటికెళ్ళే ముందు కిటికీ దగ్గర నిలబడి చదువుకుంటున్నాను. అన్నీ గుర్తుపట్టాను. ఒక్కటి మాత్రం ఎవరిదో తెలియలేదు. పొట్టి అక్షరాలు, కింద అడ్డంగా ఒక గీత, అంతే. అద్దం జరిపి ఆవిరక్కకి చూపించాను.

"ఇదెవరిదో చెప్పు అక్కా. నీది మాత్రం ఎక్కడా కనపడలేదు, నామీద అలకా?"

ఆమె చేతులు తడిగా ఉన్నాయి. కార్డు ముట్టుకోకుండా తల వంచి చూసింది.

"అదే నాది సిస్టరమ్మా. మార్చేశాను" అంది. "పాతది దానికి వచ్చు కదా."